ముద్దాయిల బోను

అక్టోబరు 9, గురువారం

స్టిక్కర్ అంటించారు. నా సంచికి. ఈ ఆర్డిత్ కోర్కమ్ సంచికి!

నారింజ రంగు స్టిక్కర్, అరచెయ్యంత ఉంది. 'తీసుకోబడదు' అని పెద్ద అక్షరాలు. కింద మూడు గళ్ళు, రెండో గడిలో టిక్కు. ఆహారం కలిసింది అట. చెత్తబండి మా గేటు ముందు ఆగింది, బర్టన్ దిగాడు, సంచి ఎత్తి వెలుతురులో పట్టి చూశాడు, స్టిక్కర్ కొట్టి ఉన్నచోటే వదిలేసి పోయాడు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బూట్లు తొడుక్కుని బయటికి ఉరికేసరికి బండి మలుపు తిరిగిపోయింది.

ఈ ఊళ్ళో చెత్తకి గుట్టు లేదు. లోపలున్నది బయటికి కనబడే సంచిలోనే పెట్టాలని రూలు. ఎవరేం కొన్నారో, ఏం పారేశారో, వీధి వీధంతా చదువుకోవచ్చు. తిండి ఆకుపచ్చ తొట్టిలో వెయ్యాలి, సీసాలు డబ్బాలు నీలం సంచిలో, ఎందుకూ పనికిరానిది కనబడే సంచిలో. ఇంటికి ఒక్క నల్ల సంచి మాత్రం పెట్టుకోనిస్తారు, పరువు కోసం. దాన్ని విప్పే హక్కు ఎవరికీ లేదు. ఆ నల్ల సంచి మేం ఒక్కసారి కూడా పెట్టలేదు. దాచుకోవడానికి మాకేముంది?

రెండు వారాలకి మా ఇద్దరి చెత్తా కలిపితే ఒక బూట్ల పెట్టెలో పడుతుంది. అలాంటి నాకు స్టిక్కరు.

బర్టన్‌కి ఫోన్ చేశాను. రూలు రూలేనమ్మా, నీ మొహం చూసి వదిలేస్తే రేపు అందరూ నా పీక పట్టుకుంటారు అన్నాడు. సంచి విప్పాను. అడుగున చిప్స్ ప్యాకెట్. మేం చిప్స్ కొనం. ప్యాకెట్ నిండా టర్నిప్ దుంప ముద్ద, మాంసం ముక్కలు, పైన శుభ్రంగా మడత. ఈ కాలంలో ఈ వీధిలో టర్నిప్ వండని ఇల్లు లేదు. నేనూ మంగళవారం వండాను. మా పళ్ళాలు రెండూ ఖాళీ అయ్యాయి, నా కళ్ళతో చూశాను.

మా ఆయన కార్మన్‌ని పిలిచి చూపించాను. పోనిద్దూ ఆర్డీ, రాత్రిళ్ళు చెత్త కెలికే ఏ రకూనో తెచ్చి పడేసుంటుంది అన్నాడు. రకూన్‌కి ప్యాకెట్లో ముద్ద కూరి మడత పెట్టడం కూడా వచ్చా అన్నాను. ఈ మగవాళ్ళకి పెళ్ళాం పరువు వీధిన పడ్డా చలనం ఉండదు.

అక్టోబరు 9, మధ్యాహ్నం 3

డెల్లా ఫోన్ చేసింది. చర్చి హాల్లో ఏం జరిగినా ఆవిడ చేతి మీదుగానే. నవంబరు ఎనిమిదిన హాల్లో నా ప్రసంగం ఉంది, 'వంటింటి చెత్త తగ్గించుకునే తేలిక మార్గాలు' అని. పోస్టర్లు కూడా వేసేశాం, మరి... అని నీళ్ళు నమిలింది. మరి ఏంటి అన్నాను. ఏం లేదులే, స్టిక్కర్ అంటించారని ఎవరో అంటుంటేనూ, అంది.

పొద్దున అంటించిన స్టిక్కర్ మూడింటికల్లా ఊరవతలి డెల్లా ఇంటిదాకా నడిచింది. మాట్లాడేది నేనే, ఈలోగా దొంగని పట్టుకుంటాను అని ఠక్కున పెట్టేశాను.

అక్టోబరు 11, శనివారం

ఎల్వా. ఇంకెవరు?

పక్కిల్లు. మా గేటుకీ ఆమె గేటుకీ మధ్య ఆరడుగులు. బుధవారం సాయంత్రమే సంచి బయట పెట్టాను, చెయ్యి చాపితే చాలు. పంతొమ్మిదేళ్ళ కింద హాల్లో భోజనాలప్పుడు నేను తెచ్చిన టర్నిప్ వంటకాన్ని గిన్నెతో సహా తొట్టిలోకి వంచింది, నలభైమంది ముందు. ఇది తిని ఎవరైనా పోతే హాలు మీదికొస్తుందమ్మా అంది. అందరూ పళ్ళికిలించారు. అప్పట్నుంచి మా మధ్య మంచు పడిందా పడింది, ఎండ కాసిందా కాసింది, అంతే మాటలు. ఆమె మొగుడు పోయిన రోజు కూడా రొట్టె చేసి పంపాను గానీ గుమ్మం తొక్కలేదు.

ఎల్వా అలాంటి మనిషి కాదు అన్నాడు కార్మన్. ఎలాంటి మనిషో నీకెలా తెలుసు అన్నాను. నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, నీతో ఎవడు వాదిస్తాడు అని లేచి వెళ్ళిపోయాడు.

ఇదంతా పోయిన ఎన్నికల కరపత్రాల వెనక వైపు రాస్తున్నాను. డెబ్బై కాగితాలు దారంతో కుట్టాను. వాళ్ళు చెప్పిన అబద్ధాల వెనకైనా ఒక నిజం రాసినట్టుంటుంది.

అక్టోబరు 13, సోమవారం, థాంక్స్‌గివింగ్

పంటల పండక్కి ఇద్దరికీ చాలినంత చిన్న టర్కీ కోడి. రొమ్ము ఇవాళ్టికి, కాళ్ళూ రెక్కలూ రేపటికి, ఎముకలు ఎల్లుండి పులుసుకి. ఉల్లిపొట్టు, క్యారెట్ తోకలు, సెలెరీ మొదళ్ళు ఏడాది పొడుగునా కడిగిన పాలసంచుల్లో కూరి ఫ్రీజర్లో దాస్తాను. వాటితో ఆ ఎముకలు నాలుగు గంటలు మరిగితే వచ్చే రసం ముందు కొట్లో దొరికేది కుడితి నీళ్ళు. బంగాళాదుంప తొక్కలు ఉప్పేసి వేయించాను. ఎండిన రొట్టె అంచులు పొడి చేసి టర్కీ కడుపులో కూరాను. యాపిల్ తొక్కలు జెల్లీకి, కాఫీ పిప్పి బ్లూబెర్రీ మొక్కలకి, గుడ్డు పెంకులు టమాటా మడికి. ఆకుపచ్చ తొట్టి మూత రోజూ ఎత్తి చూస్తాను, కర్రతో కలిపి మరీ. అందులో తినదగ్గది ఒక్క ముక్క కనబడితే ఆ రోజు ఇంట్లో తుఫానే.

ఇక ఫ్రిజ్‌లో పై అర. 'ముందు ఇవి తినాలి' అని కాగితం అంటించి ఉంటుంది. ఎవరైనా పళ్ళెంలో ఏదైనా వదిలేస్తే దాని మీద సాసర్ మూత, మూతకి టేపు, టేపు మీద పేరూ వారమూ. మర్నాడు అది ఆ మనిషి ముందుకే వస్తుంది. అది అయ్యేదాకా వేరే వడ్డన లేదు. కార్మన్ ఆ అరకి ముద్దాయిల బోను అని పేరు పెట్టాడు. ఏప్రిల్లో, మేలో బోను కిటకిటలాడేది, అన్నీ అతని పళ్ళాలే. ఎన్ని గొడవలు పడ్డామో. ఇప్పుడు నెలల తరబడి బోను ఖాళీ. ముప్పై నాలుగేళ్ళకి దారికొచ్చాడు.

ఇవాళ కూడా పళ్ళెం పట్టుకుని వెనక వరండాలోకి వెళ్ళాడు. మా కుక్క బిస్కట్ ఉన్నప్పటి అలవాటు, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని తినేవాడు. కుక్క ఆగస్టులో పోయింది, ఒళ్ళంతా కొవ్వు పట్టి. దీనికి ఇంత ఎవరు పెడుతున్నారు అని వెటర్నరీ డాక్టరు అడిగితే, ఇంకెవరు ఎల్వా అనుకున్నాను. నేను బల్ల దగ్గర పేపర్లో క్రాస్‌వర్డ్ పూరిస్తూ తిన్నాను. అరగంటకి కార్మన్ తిరిగొచ్చాడు. పళ్ళెం అద్దంలా ఉంది. రేవు దాకా నడిచొస్తా అని కోటు వేసుకున్నాడు. ఈమధ్య తినగానే నడక.

అక్టోబరు 14

కార్మన్ బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం వేసుకున్నాడు. వంటలో కొవ్వు తగ్గించాను కదా, పనిచేస్తోంది.

అక్టోబరు 23, గురువారం, ఉదయం 8:15

చెత్తబండి వచ్చి వెళ్ళింది. నా సంచి తీసుకెళ్ళారు. రాత్రి బయట పెట్టలేదు, బండి చప్పుడు వినబడ్డాకే తీసుకెళ్ళి బర్టన్ చేతిలో పెట్టాను. చూసుకో, కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూసుకో అన్నాను. అయ్యో అమ్మా, నా మీదేంటి నీ కోపం అన్నాడు.

అసలు సంగతి ఇది కాదు. ఎల్వా గేటు ముందు నల్ల సంచి!

మా ఆయన చేపల పడవ మానేసినప్పటి నుంచి ఎనిమిదేళ్ళుగా కిటికీలోంచి చూస్తున్నాను, ఆమె ఎప్పుడూ నల్ల సంచి పెట్టలేదు. ఇప్పుడు పెట్టింది. బర్టన్ ఎత్తితే భుజం ఒక పక్కకి వంగింది. ఒంటరి మనిషికి అంత బరువు చెత్తేమిటి? నీలం సంచి కూడా చూశాను. పన్నెండు చిన్న సీసాలు, లేవలేని రోగులు స్ట్రాతో తాగే బలం పాలవి. డెబ్బై ఏళ్ళొచ్చినా రాయిలా ఉన్నాను అని చెప్పుకునే మనిషికి రోగుల పాలెందుకు?

తెలిసిపోయింది. వండుకోవడానికి బద్ధకం, పాలు తాగి పడుకుంటోంది. ఎవరెవరో తెచ్చిపెట్టిన తిండి పారేస్తోంది. ఆకుపచ్చ తొట్టిలో వేస్తే నేను చూస్తాను కదా, అందుకని మొదట నా సంచిలో కుక్కింది. అది బయటపడేసరికి నల్ల సంచి చాటుకి చేరింది.

కార్మన్‌కి చెప్తే కాఫీ కప్పు వైపే చూస్తూ, నల్ల సంచి ఆమె హక్కు ఆర్డీ, వదిలెయ్ అన్నాడు. మళ్ళీ ఆమె పక్షమే!

అక్టోబరు 26, ఆదివారం

ఒళ్ళు మండిపోతోంది.

చర్చి అయ్యాక కోటు గుండీలు పెట్టుకుంటుంటే ఎల్వా వచ్చి పక్కన నిలబడింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి. ఆర్డిత్, నీ మొగుణ్ణి ఒకసారి నిదానంగా చూడు అంది. నా మొగుణ్ణి చూసుకోవడం నాకు తెలుసు, నీ చెత్త నువ్వు చూసుకో అన్నాను. నువ్వు సంచులే చూస్తావు, మనుషుల్ని చూడవు అని వెళ్ళిపోయింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. లేకపోతే తగుదునమ్మా అని నా మొగుడి సంగతి ఆమెకెందుకు?

నవంబరు 1, శనివారం

హాలోవీన్ అయిపోయింది. వీధి పొడుగునా లోపల దీపాలు పెట్టి పారేసిన గుమ్మడికాయలు. కొవ్వొత్తి మసి అంటినచోట చెక్కేస్తే మిగతాది బంగారం. చక్రాల బండి తోసుకెళ్ళి ఏడు తెచ్చాను. ఎల్వా మెట్ల మీదిది కూడా. అడగలేదు.

పిండి పెంకులో గుమ్మడి ముద్ద పోసి రెండు 'పై'లు కాల్చాను, మిగతాది ఉడికించి ఫ్రీజర్లోకి. కార్మన్ 'పై' లోపలున్న మెత్తటి ముద్దంతా చెంచాతో తీసి తిన్నాడు, అడుగు పెంకంతా వదిలేశాడు. ఎన్నాళ్ళకో మళ్ళీ ఒక ముద్దాయి! సాసర్ మూత పెట్టాను. 'కార్మన్, శనివారం.' అతను టేపు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఏంటలా చూస్తావు, మసిపట్టిన గుమ్మడికాయల్ని ఊరంతా తిరిగి తెచ్చింది నువ్వు పెంకులు వదిలెయ్యడానికా అన్నాను. రేపు తింటాలే అన్నాడు.

నవంబరు 2

తిన్నాడు. వరండాలో.

నవంబరు 6, గురువారం, ఉదయం 7:40

మళ్ళీ నల్ల సంచి. పోయినసారి కన్నా పెద్దది. బండి ఇంకో అరగంటకి గానీ రాదు. ఎల్లుండే హాల్లో ప్రసంగం. హాల్లో ఎవరైనా చెయ్యెత్తి ఆ స్టిక్కర్ మాటేమిటి అంటే నేనేం చెప్పాలి?

కత్తెర పట్టుకెళ్తున్నాను. నల్ల సంచి ముట్టుకోకూడదని నాకు తెలుసు. ఈ వీధిలో అందరికంటే బాగా నాకే తెలుసు.

ఉదయం 10:30

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

కోశాను. పేపర్లో చుట్టిన మూటలు జారి రోడ్డు మీద పడ్డాయి, తొమ్మిదో పదో. రండి చూడండి, ఇదిగో దొంగ అని అరిచాను. ఎదురింటి తలుపు తెరుచుకుంది. బర్టన్ బండి అప్పుడే మలుపు తిరిగి వస్తోంది. ఒక మూట విప్పాను. పంది మాంసం ముక్కలు, ఎండుద్రాక్ష పులుసులో. ఆదివారం నేనూ అదే వండాను.

పేపరు తిరగేశాను. క్రాస్‌వర్డ్. గళ్ళలో నా చేతిరాత. పద్నాలుగు అడ్డం తప్పు రాసి కొట్టేసి పక్కన మళ్ళీ రాసుకున్నాను, ఆ కొట్టివేత కూడా ఉంది.

రెండో మూట, నా చేప వడలు. మూడోది, నా టర్నిప్. నాలుగోది చిన్నది. గుమ్మడి 'పై' పెంకు. సాసర్ లేదు గానీ టేపు పేపరుకే అంటుకుని ఉంది. 'కార్మన్, శనివారం.'

ఎల్వా గౌను మీద కోటు వేసుకుని వచ్చింది. అరుస్తుందనుకున్నాను. మెల్లగా మాట్లాడింది, అదే ఎక్కువ మండింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని నీలాంటివాళ్ళని చూసే అని ఉంటారు, అవి నా మూటలు కావు తల్లీ, నీవే, వెళ్ళి నీ మొగుణ్ణి అడుగు అంది. బర్టన్ బండి ఆపి దిగాడు. నల్ల సంచి విప్పడం నేరమమ్మా, ఇది రాసుకోవాలి నేను అన్నాడు. తర్వాత నా మొహం చూసి ఏం రాసుకోలేదు. చేతితొడుగులు వేసుకుని మూటలన్నీ తనే ఏరాడు.

నాకు అప్పుడు తట్టింది ఒక్కటే. నా మొగుడు నా వంట పారేసి ఆ ఇంట్లో తింటున్నాడు. తినగానే నడక, రేవు దాకా అట! పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? ముప్పై నాలుగేళ్ళు వండిపెట్టాను. నా వంట చెత్త, ఆమె వంట అమృతం! ఇంటికి రానీ.

సాయంత్రం 6

వచ్చాడు. టేపు ముక్క బల్ల మీద పెట్టాను. ఎన్నాళ్ళ నుంచి తింటున్నావు ఆ ఇంట్లో అన్నాను.

ఆ ఇంట్లో తినడం కాదు ఆర్డీ, ఏ ఇంట్లోనూ తినట్లేదు అన్నాడు. ముద్ద దిగట్లేదు. ఇక్కడ అడ్డం పడుతోంది, అని రొమ్ము మధ్య చూపుడు వేలు పెట్టాడు. మాంసం దిగదు, రొట్టె దిగదు, కస్టర్డ్ దిగుతుంది. ఎల్వా ఇచ్చే పాలు దిగుతాయి.

ఏప్రిల్ నుంచి అట. మొదట బిస్కట్‌కి పెట్టాడు. అది పోయాక కొన్నాళ్ళు రేవులో నీళ్ళలో వేశాడు, సీగల్ పక్షులు ఎగబడితే జనం చూస్తున్నారని మానేశాడు. ఆకుపచ్చ తొట్టిలో వేద్దామంటే నేను కలుపుతాను. ట్రక్కులో పాత చిప్స్ ప్యాకెట్ దొరికితే అందులో కుక్కి మా సంచిలో పెట్టాడు. దానికి స్టిక్కర్ పడింది. ఆ తర్వాత ఒకరోజు పళ్ళెం పట్టుకుని కంచె దగ్గర నిలబడి ఉంటే ఎల్వా చూసిందట. ఏం అడగలేదట. నల్ల సంచి తెచ్చి దాని మూతి తెరిచి పట్టుకుందట. అప్పట్నుంచి ఇతను మా పాత పేపర్లు పట్టుకెళ్తే ఆమె మూటలు కట్టేదట. ప్రతిసారీ అదే మాట అంటూ వచ్చిందట, నువ్వు చెప్తావా నన్ను చెప్పమంటావా అని. ప్రసంగం అయ్యేదాకా ఆగు ఎల్వా, సొంత మొగుడే తిండి పారేస్తున్నాడని తెలిస్తే హాల్లో దాన్ని చూసి నవ్వుతారు, అన్నాడట.

నేను కుర్చీ తన్నాను. అది విరగలేదు, నా బొటనవేలు వాచింది. నోరు లేదా నీకు, ఏడు నెలలు, కట్టుకున్నదాన్ని నాకు చెప్పడానికి నోరు రాలేదా అని అరిచాను.

చెప్పాను ఆర్డీ అన్నాడు. ఏప్రిల్లోనే చెప్పాను. మాంసం మింగుడు పడట్లేదు, అడ్డం పడుతోంది అన్నాను. నువ్వు సాసర్ మూత పెట్టావు.

నవంబరు 7, శుక్రవారం

గుర్తుంది. ఈస్టర్ మర్నాడు. మింగుడు పడట్లేదు అన్నాడు. రేపు పడుతుందిలే అన్నాను. టేపు మీద 'కార్మన్, సోమవారం' అని రాశాను. కలం సరిగా రాయకపోతే రెండోసారి దిద్దాను కూడా.

అతని మీద కోపంగా ఉంది. ఎల్వా మీద కోపంగా ఉంది, నెలరోజులుగా తెలిసి కూడా చర్చిలో నసిగినందుకు. నన్ను జుట్టు పట్టుకుని చెప్పి ఉండాల్సింది. కార్మన్ వాళ్ళ నాన్న మీద కోపంగా ఉంది. ఆయనకీ ఇలాగే అయిందట, ముద్ద దిగక దిగక పోయాడట, అందుకే కార్మన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు. ముప్పై నాలుగేళ్ళలో ఆ మాట కూడా నాకు చెప్పలేదు. ఆ కుక్క మీద కూడా కోపంగా ఉంది.

డాక్టరుకి ఫోన్ చేశాను. డిసెంబరు రెండో వారం ఇస్తామంది అవతలి అమ్మాయి. నేను అన్న మాటలు ఇక్కడ రాయను. సోమవారం ఇచ్చింది.

అతని బెల్టు చూశాను. కొత్త బెజ్జాలు మూడు. నాకు తెలిసింది ఒక్కటి.

నవంబరు 8, శనివారం

వెళ్ళాను. కార్మనే వెళ్ళమన్నాడు. పోస్టర్లు వేశాక మానేస్తే ఎలా, ఆ కాగితాలు కూడా చెత్తే కదా అన్నాడు. ఆ స్థితిలో కూడా జోకు.

అరవైమంది వచ్చారు. రోడ్డు మీద కత్తెర కథ విని సగం మంది, నిజంగా నేర్చుకుందామని సగం. ఎల్వా వెనక వరసలో గోడ పక్కన. తొక్కల రసం గురించి చెప్పాను. రొట్టె అంచులు, పాలసంచులు కత్తిరించి చాపలు అల్లడం, కొట్టుకి వెళ్ళేముందు ఫ్రిజ్ తెరిచి చూసి కవరు వెనక జాబితా రాసుకోవడం. అన్నీ రాసుకున్నారు. గొంతు బాగానే వచ్చింది.

చివర్లో ఒక చిన్నావిడ, ఒళ్ళో పిల్లాడు, లేచి అడిగింది. పిల్లలు పళ్ళెంలో వదిలేస్తే ఏం చెయ్యాలండీ అని. దానికి జవాబు నా దగ్గర కాగితం మీద రాసే ఉంది. మూత, టేపు, పేరు, వారం, మర్నాడు అదే. మూడు పంక్తులు. చదవడం మొదలుపెట్టాను. 'మూత' దగ్గర ఆగిపోయాను.

నాకు తెలియదమ్మా అన్నాను. ఎందుకు వదిలేశాడో వాణ్ణే అడుగు. జవాబు చెప్తే విను. నేను వినలేదు.

డెల్లా లేచి, టీ ఉంది, బిస్కట్లు ఉన్నాయి అని హడావుడిగా అంది. నేను కోటు తీసుకుని వచ్చేశాను. చప్పట్లు కొట్టారో లేదో తెలియదు.

నవంబరు 10

డాక్టరు కార్మన్ రొమ్ము మీద చెయ్యి పెట్టి చూశాడు, బరువు చూశాడు, మా ఎదురుగానే హాలిఫాక్స్ పెద్దాసుపత్రికి ఫోన్ చేశాడు. శుక్రవారం ఎవరో రావట్లేదట, ఆ చోటు మాకు ఇచ్చారు. ఇలాంటి ఫోన్లు వాళ్ళు ఊరికే చెయ్యరు. అది నాకూ తెలుసు.

నవంబరు 14, శుక్రవారం, హాలిఫాక్స్

గొట్టం వేసి చూశారు. అన్నవాహిక చివర గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షకి పంపారు. రెండు వారాలు ఆగాలి. అప్పటిదాకా గట్టిది ఏదీ పెట్టకూడదు, రసాలూ పాలూ మాత్రమే.

ఎప్పటి నుంచి అని అడిగింది డాక్టరమ్మ. కార్మన్ నా వైపు చూశాడు. ఏప్రిల్ అన్నాను నేనే. ఆవిడ తలెత్తలేదు, రాసుకుంది. ఏదైనా అంటే బాగుండేది. తిడితే ఇంకా బాగుండేది.

దారి పొడుగునా కారు నేనే నడిపాను. అన్ని లారీల మీదా హారన్ కొట్టాను.

నవంబరు 16, ఆదివారం

ఎల్వా గుమ్మం ఎక్కాను. పంతొమ్మిదేళ్ళకి. చేతిలో కొత్త నల్ల సంచుల చుట్ట, చింపినదానికి బదులు. ఇంకేం తెచ్చినా బాగుండదనిపించింది.

లోపలికి రా, చలి లోపలికొస్తోంది అంది. టీ పెట్టింది. చెప్పి ఉండాల్సింది ఎల్వా, చెంప పగలగొట్టి చెప్పి ఉండాల్సింది అన్నాను. చెప్దామనే వచ్చాను, చెత్త చూసుకోమన్నావు అంది. కప్పు నా ముందుకి జరిపి, ఒక మాట చెప్పనా, మూటలు కట్టేటప్పుడు నీ టర్నిప్ ఓ చెంచా రుచి చూశాను, అప్పుడూ బాగోలేదు, ఇప్పుడూ బాగోలేదు అంది. ఛీ, నీ నాలుకే బాగోలేదు అన్నాను. నవ్వాను కూడా. నవ్వు ఆగాక ఏడుపొచ్చింది. ఆమె నా వైపు చూడకుండా కిటికీ తుడుస్తూ నిలబడింది.

కోపం పోలేదు. టీ మాత్రం తాగాను.

నవంబరు 18

ఫ్రీజర్లోంచి రసం సీసాలన్నీ కిందికి దించాను. టర్కీ రసం, పంది ఎముకల రసం, తొక్కల రసం. రోజుకి నాలుగు పూటలు, వడకట్టి గోరువెచ్చగా. పొద్దున్న పావు కప్పు తాగాడు. మధ్యాహ్నం రెండు గుటకలు తాగి కప్పు కింద పెట్టాడు. పెట్టి నా వైపు చూశాడు. నా చేతుల వైపు.

ముప్పై నాలుగేళ్ళు అలాగే చూసి ఉంటాడు. నేను ఎన్నడూ తల తిప్పలేదు.

టేపు చుట్ట పొయ్యిలో వేశాను. కంపు కొట్టింది. ప్లాస్టిక్ కాల్చకూడదని హాల్లో చెప్పింది నేనే.

నవంబరు 20, గురువారం

ఇవాళ చెత్తబండి రోజని మర్చిపోయాను.

కార్మన్ అర కప్పు తాగాడు. మిగతా అర కప్పు సింకులో పారబోశాను. ముందుగదిలో ఉన్న అతనికి వినబడేలా కుళాయి గట్టిగా తిప్పాను.